కన్న వదిన

నా పెద్ద కూతురు నన్ను వదినా అని పిలుస్తుంది. వాళ్ల నాన్నని అన్నయ్యా అంటుంది. అమ్మా అనేది మా అత్తయ్యని. మా కిర్గిజ్ కొండల ఊరు నారిన్‌లో ఈ మాట ఎవరికి చెప్పినా "ఊఁ, అయితే?" అంటారు. తొలిచూలు బిడ్డ తాత నాయనమ్మలది. వాళ్లు ఎత్తుకుపోతారు, వాళ్లే పెంచుతారు, కన్నవాళ్లు ఆ బిడ్డకి అన్నా వదినలవుతారు. తరాల నుంచీ ఇంతే. ఇందులో వింతేముంది? వింత ఉందని నాకు ముప్ఫై ఏళ్లొచ్చాక, మొన్న మే నెలలో, పోలండ్ వాళ్లు చెప్తే తెలిసింది.

సెజిమ్ పుట్టినప్పుడు నాకు ఇరవై ఒకటి. టీచర్ ట్రైనింగు చివరి ఏడు. నలభయ్యో రోజున నలభై చెంచాల నీళ్లతో స్నానం చేయించి, ఇల్లిల్లూ అడిగి తెచ్చిన గుడ్డముక్కలతో కుట్టిన చొక్కా తొడిగారు. అదే రోజు అత్తయ్య పిల్లని ఎత్తుకుని తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. పాలకి ఏడిస్తే నన్ను పిలిచేది, తాగాక తీసుకుపోయేది. పాలు నావి, పిల్ల ఆవిడది. "నువ్వు చదువుకో అమ్మాయ్, దీని సంగతి నాకొదిలెయ్" అంది. మంచి మాటే. నేను కాదనలేదు. కాదనొచ్చని కూడా నాకు తెలియదు.

మూడేళ్లకి నురాయ్ పుట్టింది. అది నాకే మిగిలింది, నన్ను అమ్మా అంటుంది. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర తింటూ, ఒకదానికి నేను అమ్మని, ఇంకోదానికి వదినని. కోపమొస్తే సెజిమ్ చెల్లెల్ని "నేను నీకు మేనత్తని, నోర్మూసుకో" అంటుంది. వరస చూస్తే నిజమే మరి, ఏమంటాం.

మా ఆయన తలాయ్ మూడేళ్లుగా పోలండ్‌లో పెద్ద లారీ నడుపుతున్నాడు. ఏడాదికోసారి వచ్చి, వారం రోజులు నిద్రపోయి, వెళ్లిపోయేవాడు. ఈ ఏడు మా అందరికీ కాగితాలొచ్చాయి, అత్తయ్యక్కూడా. ఆగస్టులో ప్రయాణం. అక్కడ ఇల్లు దొరికింది. ఆవుని పక్కింటివాళ్లు తీసుకుంటామన్నారు. ఇక తేలాల్సింది పిల్లల బడి ఒక్కటే, మా ఇంట్లో తగువంతా దాని దగ్గరే మొదలైంది.

అక్కడ బళ్లు రెండున్నాయి. ఒకటి ఊరికి ఆ చివర, రష్యన్‌లో చెప్పే ప్రైవేటు బడి. తలాయ్‌తో పాటు లారీలు నడిపే మనవాళ్లంతా పిల్లల్ని అక్కడే వేశారు. వాళ్లలో ఒకతని భార్య గుల్సున్ అక్కడి నుంచి వీడియోలో గంటసేపు ఊదరగొట్టింది. అక్కడ మన పిల్లలే ఉంటారట, వసంతం పండగ చేస్తారట, మధ్యాహ్నం పూట నూడుల్సు పెడతారట, పిల్లలకి భాష బెంగ ఉండదట. రెండోది మాకు అక్కడ దొరికిన ఇంటి పక్క వీధిలో ఉన్న సర్కారు బడి. అన్నీ వాళ్ల భాషలోనే. కొత్తగా వచ్చిన పిల్లలకి మాత్రం విడిగా ఒక తరగతి ఉంది, మొదటి ఏడాది భాష నేర్పి తర్వాత అందరితో కలుపుతారు. ఆ తరగతిలో మూడే సీట్లు మిగిలాయి.

నాకు సర్కారు బడే కావాలి. ఎనిమిదేళ్లుగా అయిదో తరగతికి లెక్కలు చెప్తున్నదాన్ని, పిల్లల సంగతి నాకు తెలుసు. కొండ మీద మేత బయళ్ల నుంచి దిగొచ్చిన పిల్లలు మా బళ్లో ఆరునెలలు మూగవాళ్లలా కూర్చుంటారు. ఏడో నెలలో వాళ్ల నోరు మూయించలేక తల ప్రాణం తోకకొస్తుంది. మన పిల్లల మధ్యే ఉండాలంటే నారిన్‌లోనే ఉండొచ్చు కదా, ఇంత దూరం పోవడం దేనికి? వెళ్లిన చోట రష్యన్‌వాళ్ల పంచన చేరి, వాళ్ల భాషలో చదువుకుంటే, రేపు వీధిలో ఎవరైనా ఒక మాటంటే తిరిగి అనడానికి నోరుండదు. ఇదే తలాయ్‌తో చెప్పాను. ఆలోచిద్దాంలే అన్నాడు. మా ఆయన ఆలోచిద్దాం అన్నాడంటే వాళ్లమ్మని అడుగుతానని అర్థం.

అత్తయ్య రష్యన్ బడి అంది. నురాయ్‌ని నీ ఇష్టమొచ్చిన చోట వేసుకో, సెజిమ్ సంగతి నేను చూసుకుంటాను అని కూడా అంది. అక్కడికి బడి విషయం కాస్తా పిల్ల ఎవరిదన్న విషయం అయిపోయింది. నేను కాదనలేదు, అవుననలేదు. ఆ మర్నాటి నుంచి తెల్లవారుజామున లేచి పోలిష్ మాటలు బట్టీ పట్టడం మొదలెట్టాను. వంటింట్లో ప్రతి డబ్బా మీదా చీటీ అంటించాను. ఉప్పు డబ్బా మీద చీటీ చూసి అత్తయ్య "ఉప్పుకి కూడా పేరు మార్చేశావా" అంది. సర్కారు బడికి మెయిలు పెట్టాను, జవాబు రాకపోతే మళ్లీ పెట్టాను, నాలుగోసారికి వచ్చింది. తల్లితోనూ పిల్లలతోనూ వీడియోలో ఒకసారి మాట్లాడి సీట్లు ఖాయం చేస్తామన్నారు.

మే ఇరవై ఒకటి, మధ్యాహ్నం రెండు. మా బడి నుంచి కంప్యూటర్ అడిగి తెచ్చాను. పిల్లలిద్దరికీ రెండేసి జడలు వేసి, తెల్ల చొక్కాలు తొడిగి నా పక్కన కూర్చోబెట్టాను. తెర మీద ఇద్దరు. హెడ్మాస్టరమ్మ పేరు హలీనా, పొట్టి జుట్టు, నవ్వని మనిషి. పక్కన దోరోతా అని ఇంకొకావిడ, ఆమె మాటల్ని రష్యన్‌లో చెప్పడానికి. నా గురించి అడిగారు, చెప్పాను. లెక్కల టీచర్నంటే హలీనా మొహం కొంచెం మెత్తబడింది. ఇక పిల్లల వంతు. భయపడకు, నీతో పాటు ఎవరెవరు వస్తున్నారో చెప్పు అని సెజిమ్‌ని అడిగారు.

సెజిమ్‌కి భయం లేదు. అత్తయ్య పెంపకం, రష్యన్‌లో గొంతెత్తి చెప్పింది. "మా అమ్మా, అన్నయ్యా, ఈ వదినా, ఇది. అన్నయ్య అక్కడే లారీ నడుపుతాడు."

"మీ అమ్మ ఎక్కడ?" అంది దోరోతా.

"ఆవు దగ్గర. పాలు పిండుతోంది."

తెర మీద ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. నేను అప్పటికైనా అందుకుని చెప్పాలి. కానీ నాకు అందులో తప్పేం వినపడలేదు. తొమ్మిదేళ్లుగా వింటున్న మాట. ఇంతలో నురాయ్, తననెవరూ అడగట్లేదన్న ఉక్రోషంతో, ఈమె మా అమ్మ, అది మా అక్క, కానీ అది మా అత్త కూడా అని చెప్పేసింది. హలీనా కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పింది. థాంక్యూ అని కట్ చేశారు. అంతా బాగా జరిగిందనుకుని నేను పిల్లలకి మా పండగ పిండివంట బూర్సోక్‌లు వేయించి పెట్టాను.

మూడో రోజు మెయిలు వచ్చింది. నురాయ్‌కి సీటిచ్చారు. సెజిమ్ విషయంలో కాగితాల్లో తల్లిగా మీ పేరుంది, పిల్ల మాత్రం మిమ్మల్ని వదిన అంటోంది, తల్లి వేరే ఉందంటోంది, ఈ పిల్ల బాధ్యత చట్టప్రకారం ఎవరిదో తేల్చే పత్రం పదిహేను రోజుల్లో పంపకపోతే సీటు ఇవ్వలేం అని రాశారు. ఎవరో పిల్లని నా కూతురని చెప్పి దేశం దాటిస్తున్నాననుకున్నారన్నమాట. వాళ్ల మీద కోపం కూడా రాలేదు నాకు. ఆ కుర్చీలో నేనున్నా అదే అనుకునేదాన్ని.

తలాయ్‌కి ఫోన్ చేస్తే, ఏదో టోల్‌గేటు దగ్గర ఆగి, నవ్వాడు. నవ్వి, పేరు పెట్టి పిలిచి, ఇదంతా ఎందుకు సిర్గా, ఇద్దర్నీ రష్యన్ బళ్లో పడేద్దాం, వాళ్లకి మన వరసలు తెలుసు, ఎవరూ ఏమీ అడగరు అన్నాడు. అక్కడ సీట్లు వచ్చే నెల ఆరో తారీఖు దాకా ఆపుతారట. మెయిలు సంగతి అత్తయ్యకి చెప్పాను. ఆవిడ ఆ పూట టీ తాగుతూ ఏదో కూనిరాగం తీసింది. ఒళ్లు మండిపోయింది నాకు.

ఇక్కడ ఒక వెధవ పని చేశాను, దాచను. ఆ సాయంత్రం సెజిమ్ లెక్కల పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. భాగహారాలన్నీ అయ్యాక నెమ్మదిగా అడిగాను, మళ్లీ ఆ బడివాళ్లతో మాట్లాడేటప్పుడు, ఆ పది నిమిషాలు, నన్ను అమ్మా అంటావా అని. అది పెన్సిలు చివర కొరుకుతూ చాలాసేపు ఆలోచించింది.

"నువ్వు నన్ను కన్నావని నాకు తెలుసు వదినా. కానీ అమ్మ వింటుందిగా. ఏడుస్తుంది."

మరి నేను ఏడవనా అని నోటి దాకా వచ్చింది. మింగేశాను. పెరట్లోకి వెళ్లి తీగ మీద ఆరేసిన ఉన్ని తివాచీని కర్రతో కొట్టడం మొదలెట్టాను. ఎంత కొట్టానంటే పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగి చూసి, శుభ్రమైపోయింది లేవే, ఇక చిరుగుతుంది అంది. బాగా ఏడ్చాను ఆ రోజు. ఏడ్చాక ఒకటి తేల్చుకున్నాను. పిల్ల చేత అబద్ధం ఆడించను. అది అబద్ధం కాదు, నాకూ తెలుసు. కానీ దానికి అబద్ధమే. అబద్ధంతో బళ్లోకి అడుగు పెట్టించి అక్కడ ఏం నేర్పిస్తాను? ఆ బడి వదలను, దాని నోటి మాటా మార్చను. రెండూ జరగాలి, ఎలా జరగవో చూస్తాను.

మర్నాడు వార్డు ఆఫీసుకి వెళ్లాను. అక్కడి గుమాస్తా ఎసెన్ నాకంటే రెండేళ్లు చిన్న, మా బళ్లోనే చదివాడు. విషయం చెప్తే నోరు తెరుచుకుని చూశాడు.

"ఏమని రాయమంటారక్కా? ఈ తల్లి ఈ పిల్లకి తల్లి అనా? జనన పత్రంలో అదే ఉందిగా."

"అదే ఇంకో కాగితం మీద రాసి ముద్ర వెయ్యి."

అలాంటి ఫారం లేదన్నాడు. లేకపోతే తయారు చెయ్యమన్నాను. పై ఆఫీసరు లేడు రేపు రమ్మన్నాడు. రేపు వెళ్లాను. పై ఆఫీసరు ఉన్నాడు, ముద్ర ఉన్నామె లేదు. ఎల్లుండి వెళ్లాను. ఇలా కాళ్లరిగేలా తిరిగి, అయిదో రోజు టీ ఫ్లాస్కు, రొట్టె పట్టుకెళ్లి వాళ్ల బెంచీ మీదే బైఠాయించాను. రాసిందాకా కదలనన్నాను. పది మంది ముందు టీచరమ్మ అలా కూర్చుంటే వాడికి తల కొట్టేసినట్టయింది. చివరికి రాశాడు. మా ప్రాంత ఆచారం ప్రకారం తొలి సంతానం తాత నాయనమ్మల బిడ్డగా పెరుగుతుంది, కన్నవారిని అన్నా వదినా అని పిలుస్తుంది, ఇందువల్ల కన్నవారి హక్కుకి గానీ బాధ్యతకి గానీ ఏ లోటూ లేదు అని. రాసి, ఒకసారి పైకి చదువుకుని, తల గోక్కున్నాడు.

"మేం కూడా ఇంతేనక్కా. మా వదిన, అంటే మా అమ్మ, ఇది చూస్తే దాచుకుంటుంది. ఇంకో కాపీ తీసుకుంటా." అన్నట్టే ఇంకో కాపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ కాగితాన్ని రష్యన్‌లోకి నేనే మార్చాను, నోటరీ దగ్గర ఇంకో ముద్ర వేయించాను, బడికి పంపించాను. అసలు కాగితం బల్ల మీద వదిలేసి గిన్నెలు కడుగుతున్నాను. అదే నా పొరపాటు. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివింది.

"నా బిడ్డ నా బిడ్డ కాదని ముద్ర వేయించుకొచ్చావన్నమాట."

అలా రాయలేదు అత్తయ్యా అన్నాను. అలాగే రాశారు, నాకు చదువొచ్చు అంది. పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్లు చేసింది ఆవిడ, చదువు రాకపోవడమేంటి. తొమ్మిదేళ్లు దీన్ని ఒంటిమీద పడుకోబెట్టుకున్నాను, కోరింత దగ్గొచ్చిన ఏడు రాత్రంతా భుజాన వేసుకు తిప్పాను, అప్పుడు ఈ ముద్రలవాళ్లంతా ఎక్కడున్నారు అంది. ప్రతి మాటా నిజమే. ఆ ఏడు నేను ఊరు వదిలి బిష్కెక్‌లో పరీక్షలు రాస్తున్నాను. నాలుగు రోజులు నాతో మాట మానేసింది. నా చేతి టీ ముట్టలేదు, తన టీ తనే కాచుకుంది. సెజిమ్ ఇద్దరి మొహాలూ చూస్తూ ఇంట్లో పిల్లిలా నడిచేది. దాన్ని చూస్తూ కూడా నేను తగ్గలేదు.

జూన్ నాలుగున జవాబొచ్చింది. కాగితం అందింది, ఇలాంటిది ఎప్పుడూ వినలేదు, ఎల్లుండి మధ్యాహ్నం మళ్లీ మాట్లాడదాం, ఈసారి నాయనమ్మ గారు కూడా ఉండాలి అని. ఎల్లుండంటే ఆరో తారీఖు. రష్యన్ బడి సీట్లు ఆపేది కూడా ఆ రోజు దాకానే. తలాయ్ ఫోన్ చేసి బతిమాలాడు. ఇది తప్పితే రెండూ పోతాయి, ఇద్దరూ ఇంట్లో కూర్చుంటారు, పంతానికి పోకు అన్నాడు.

"పంతమే. నువ్వు మూడేళ్లు అక్కడుండి బండి ఆపిన పోలీసుతో రెండు మాటలు మాట్లాడలేవు. నా పిల్లలు మాట్లాడాలి" అన్నాను.

మా ఆయన ఫోన్ పెట్టేశాడు. అన్నాక నాకే బాధేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. సాయంత్రం ఒక చిన్న మెసేజ్ వచ్చింది, నీ ఇష్టం అని. మొదటిసారి, వాళ్లమ్మని అడక్కుండా.

అత్తయ్యకి నేనే వెళ్లి చెప్పాను. శుక్రవారం రెండింటికి వాళ్లు మిమ్మల్ని చూడాలన్నారు, మీరు రాకపోయినా నేను కూర్చుంటాను, ఏం చెప్పాలో నేను చెప్పను, మీకు తోచింది చెప్పండి అన్నాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

శుక్రవారం రెండింటికి పది నిమిషాలుందనగా ఆవిడ గది తలుపు తెరుచుకుంది. పెళ్లిళ్లకి కట్టే తెల్ల తలగుడ్డ కట్టుకుని వచ్చింది. నా వైపు చూడకుండా సెజిమ్ పక్కన కూర్చుంది. హలీనా, దోరోతా వచ్చారు. హలీనా ఈసారి ఎక్కువ ఉపోద్ఘాతం లేకుండా సెజిమ్‌నే అడిగింది, నన్ను చూపించి, ఈమె నీకేమవుతుంది అని. దోరోతా ఆ మాటని నెమ్మదిగా రష్యన్‌లో చెప్పింది.

సెజిమ్ నన్ను చూసింది. అత్తయ్యని చూసింది. దానికి నేను ఏమీ నేర్పలేదు, ఒట్టు.

"నన్ను కన్న మా వదిన" అంది రష్యన్‌లోనే.

దోరోతా దాన్ని వాళ్ల భాషలో చెప్పబోయి ఆగింది. మళ్లీ మొదలెట్టింది, మళ్లీ ఆగింది. మూడోసారికి ఏదో చెప్పింది, హలీనా చేతిలో పెన్ను కింద పెట్టింది. అత్తయ్యకి రష్యన్ అర్థమవుతుంది. ఆవిడ సెజిమ్ వైపు తిరిగి దాని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది, ఆ మాట ఎవరు చెప్పమన్నారో కనుక్కోవాలన్నట్టు. ఎవరూ చెప్పలేదని ఆ మొహం చూస్తే తెలిసిపోతుంది.

హలీనా ఇప్పుడు అత్తయ్యని అడిగింది. ఈ పిల్ల విషయం ఎవరు నిర్ణయిస్తారు, మీరా, ఆమెనా? రేపు బళ్లో ఏదన్నా అయితే మేం ఎవర్ని పిలవాలి?

అత్తయ్య కిర్గిజ్‌లో జవాబు మొదలెట్టింది. దోరోతాకి మా భాష రాదు. దాన్ని రష్యన్‌లో చెప్పాల్సింది నేనే. అప్పుడు తట్టింది నాకు, ఆవిడ ఏం చెప్పినా నా నోటి గుండానే పోవాలని. నా బిడ్డ, నేనే చూసుకుంటాను అని ఆవిడ అంటే, నేను ఇంకేదైనా అనొచ్చు. ఒక్క మాట మారిస్తే చాలు. సెజిమ్‌కి రెండు భాషలూ వచ్చు, అది పక్కనే ఉంది. అది లేకపోతే మార్చేదాన్నా? ఏమో, ఇప్పటికీ తెలియదు.

"నాకు నలుగురు పిల్లలు" అంది అత్తయ్య. "పెద్దవాడు కుబాత్. వాడికి నలభై నాలుగు. నలభయ్యో రోజున మా అత్తగారు ఎత్తుకుపోయింది. వాడు నన్ను ఈనాటికీ వదినా అంటాడు."

చెప్పాను, ఉన్నదున్నట్టు.

"మా అత్తగారు పోయేనాటికి వాడికి ముప్ఫై. పూడ్చిపెట్టి ఇంటికొచ్చారు. ఇప్పుడైనా అమ్మా అంటాడేమోనని వాడి ఎదురుగా నిలబడ్డాను. వదినా, కాస్త టీ పొయ్యి అన్నాడు. పోశాను."

టీ దగ్గర నేను ఆగిపోయాను. మిగతాది సెజిమ్ రష్యన్‌లో చెప్పింది, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు, ఒక్క మాట వదలకుండా. నాకు తెలియని సంగతి కాదిది. పదేళ్ల నుంచీ మా బావగారు పండక్కొచ్చి "వదినా" అంటూ గడప దాటడం వింటూనే ఉన్నాను. ఆ పిలుపు విన్నప్పుడు ఈవిడ మొహం ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. నా గొడవ నాదే అయిపోయింది. సిగ్గేసింది నాకు, నిజంగా.

అత్తయ్య ఆగలేదు. "ఆ బాధ తెలిసీ ఈమె బిడ్డని తీసుకున్నాను. నాకూ ఒళ్లో ఒక బిడ్డ కావాలనిపించింది, నన్ను అమ్మా అనే తొలి బిడ్డ. పెంచింది నేను. అందులో ఎవరికీ వాటా లేదు. కానీ చదువు విషయం నాకు తెలియదు. అది ఈమెకి తెలుసు. బడి ఈమె చెప్పిందే. ఏదన్నా అయితే ఈమెనే పిలవండి."

హలీనా పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకుంది. తర్వాత, ఇద్దరికీ సీట్లు ఇస్తున్నాం, ఫారాలు ఇప్పుడే పంపుతాం, సాయంత్రంలోగా సంతకాలతో తిప్పి పంపండి అని చెప్పింది. అత్తయ్యకి విడిగా తలవంచి ఏదో అంది. దోరోతా అది రష్యన్‌లో చెప్పేలోపే అత్తయ్య లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

నేను బజారుకి పరిగెత్తి ఫారాలు అచ్చు తీయించుకొచ్చాను. ఇద్దరు పిల్లలవీ కలిపి పద్నాలుగు పేజీలు. దారిలోనే తలాయ్‌కి చెప్పాను, సర్కారు బడి ఖాయమైందని. వచ్చేసరికి అత్తయ్య బల్ల దగ్గర కూర్చుని ఉంది, ఎదురుగా నా గిన్నెలో టీ పోసి ఉంది. నేను కూర్చున్నాను. టీ తాగాను. ఎలా అడగాలో తెలియక చివరికి సూటిగానే అడిగేశాను.

"బావగారితో నేను ఒకసారి మాట్లాడనా అత్తయ్యా? ఆయనకి తట్టి ఉండదు, అంతే. చెప్తే..."

"వద్దు. చెప్పి పిలిపించుకునే పిలుపు నాకెందుకు." బల్ల మీద రాలిన రొట్టె తునకల్ని అరచేత్తో ఒక దగ్గరికి చేసింది. "నువ్వు అడిగావు కదా దాన్ని. పది నిమిషాలు అనమని."

నేను తల దించుకున్నాను. సెజిమ్ చెప్పి ఉంటుంది. లేదా తలుపు అవతల నుంచి అత్తయ్యే విని ఉంటుంది.

"నేనూ అడిగాను, మా అత్తగారు పోయిన మర్నాడు. వాడు అన్నాడు కూడా. అమ్మా అన్నాడు, నా మొహం చూళ్లేక. ఆ ఒక్కసారే." ఆవిడ ఫారాల్లో సెజిమ్‌ది ఏదో వెతికి తీసి, నా ముందుకి తోసింది. కళ్లజోడు లేకుండానే ఒక గడి మీద వేలు పెట్టింది. "ఇదిగో, తల్లి అని ఉన్న చోట. ఇక్కడ పెట్టు సంతకం. వణక్కుండా పెట్టు."